సురక్ష క్లినిక్ ఎలా ఉంది? డిగ్రీ ప్రాజెక్టు కోసం వెళ్లిన అమ్మాయి రివ్యూ

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సుఖవ్యాధుల కోసం సురక్ష క్లినిక్ అని విడిగా ఒక గది ఉంటుందని మా క్లాసులో ఎవరికీ తెలియదు. మేం చదివేది మైక్రోబయాలజీ. గనేరియా బ్యాక్టీరియా ఏ రంగులో స్టెయిన్ అవుతుందో పరీక్షలో రాస్తాం, కానీ ఆ జబ్బు మనకో మన ఫ్రెండ్‌కో వస్తే ఏ తలుపు తట్టాలో తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఈ క్లినిక్ నచ్చింది, ముందే చెప్పేస్తున్నాను. లోపాలు ఉన్నాయి, కొన్ని చిన్నవి కూడా కావు, అవీ దాచకుండా రాస్తాను. కాలేజీ వయసులో ఉన్నవాళ్లకి, చదువు కోసమైనా సొంత టెన్షన్ కోసమైనా, పైసా ఖర్చు లేకుండా ఇంత సరైన సమాచారం దొరికే చోటు మా జిల్లాలో నాకింకొకటి కనిపించలేదు.

ఆంధ్రలో డిగ్రీ చదివేవాళ్లకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి చెప్పక్కర్లేదు. ఫస్టియర్ అయ్యాక సెలవుల్లో 180 గంటలు ఊళ్లో పనిచేసి, లాగ్‌బుక్ నింపి, రిపోర్టు ఇవ్వాలి. చాలామంది పారిశుద్ధ్యం, ప్లాస్టిక్, డెంగీ లాంటివి తీసుకుంటారు. నేనూ నా ఫ్రెండూ కలిసి లైంగికంగా వచ్చే ఇన్‌ఫెక్షన్ల మీద యువతకి ఎంత అవగాహన ఉందో తీసుకుంటామన్నాం. మా మెంటర్ మేడమ్ కాసేపు ఆలోచించి "చెయ్యండమ్మా, కానీ ఇంటర్నెట్‌లోంచి కాపీ కొట్టి తెస్తే ఊరుకోను, ఆసుపత్రికి వెళ్లి అడగండి" అన్నారు. ఆ మాట అనకపోయుంటే మేం కచ్చితంగా ఇంటర్నెట్ మీదే ఆధారపడేవాళ్లం.

ఇంటర్నెట్‌లో, అదీ తెలుగులో వెతికితే ఏం వస్తుందో ఒకసారి చూడండి. సుఖవ్యాధులు అని కొడితే సగం వీడియోలు భయపెట్టేవి, మిగతా సగం మందులు అమ్మేవి. ఏడు రోజుల్లో గ్యారంటీ, రహస్యంగా కొరియర్, మూలికలు. రైలు కట్టల పక్కన గోడల మీద గుప్తరోగాల వైద్యం అని పెయింట్ చేసి ఉండే ప్రకటనలే ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చాయి. సిఫిలిస్, గనేరియా లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం, ఆ చట్టం షెడ్యూల్‌లో ఈ జబ్బుల పేర్లతో సహా ఉన్నాయి. అయినా ప్రకటనలు ఆగలేదు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు రాత్రి పన్నెండింటికి భయంతో ఫోన్ తీస్తే వాడికి ముందు కనిపించేది ఇవే. నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఇది.

ఇక క్లినిక్ దగ్గరికి వస్తాను. కనుక్కోవడం కష్టం, ఇదే మొదటి లోపం. మేం వెళ్లింది మా జిల్లా పెద్దాసుపత్రి, పేరు రాయను. స్కిన్ ఓపీ ఉన్న వరండాలో చివరికి, ఒక మలుపు తిరిగాక ఉంది గది. బోర్డు ఉంది కానీ దాని ముందు బీరువా పెట్టేశారు. ఓపీ చీటీ రాసే కౌంటర్‌లో "ఏం ప్రాబ్లమ్?" అని గట్టిగా అడుగుతారు, వెనక ముప్పై మంది ఉంటారు. ప్రాజెక్టు కోసం వెళ్లిన మాకే నోరు పెగల్లేదు, నిజంగా సమస్యతో వచ్చిన మనిషి ఆ ప్రశ్నకి అక్కడినుంచే వెనక్కి వెళ్లిపోతాడు. దీనికి నేను కనిపెట్టిన దారి చెప్తాను, "స్కిన్ ఓపీ" అనండి చాలు. చర్మ వ్యాధులూ సుఖవ్యాధులూ చూసేది ఒకే విభాగం, లోపలికి వెళ్లాక డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో చెప్పుకోవచ్చు. ఆడపిల్లలైతే గైనిక్ ఓపీకి వెళ్లినా ఇక్కడికి పంపిస్తారు.

గది లోపల ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒక బీరువా, పరీక్ష చేసే బల్లకి కర్టెన్. ఏసీ లేదు, ఫ్యాన్ బాగానే తిరుగుతుంది. కౌన్సెలర్ మేడమ్ "కూర్చోండమ్మా, తలుపు వేసి రండి" అన్నారు. ఆవిడ వల్లే ఈ క్లినిక్‌కి నేను ఇంత మంచి మార్కులు వేస్తున్నాను.

కాలేజీ లెటర్ చూపించాక ఆవిడ మొదట పెట్టిన షరతు, పేషెంట్ల రిజిస్టర్ చూపించను, పేషెంట్లు ఉన్నప్పుడు మీరు గదిలో ఉండకూడదు, సంఖ్యలు కావాలంటే పై ఆఫీసుకి లెటర్ పెట్టుకోండి అని. మాకు కాస్త నిరాశగా అనిపించినా ఆవిడ మీద గౌరవం పెరిగింది. రేపు నేనే పేషెంట్‌గా వెళ్తే నా విషయం కూడా ఇంకో స్టూడెంట్‌కి చెప్పరన్నమాట. తర్వాత ఓపీ తగ్గాక, మధ్యాహ్నం పూట, ఎంత అడిగితే అంత చెప్పారు. మేం భయపడినంత ఇబ్బందిగా ఏమీ లేదు. యోని, పురుషాంగం, కండోమ్ లాంటి మాటలు ఆవిడ చెయ్యి, మోచెయ్యి అన్నంత మామూలుగా అంటుంటే కాసేపటికి మేమూ అలాగే మాట్లాడాం.

ఇక్కడ వైద్యం ఎలా జరుగుతుందో మా టెక్స్ట్‌బుక్‌లో లేదు. ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగరు. లక్షణాల సమూహాన్ని బట్టి, ఆ లక్షణాలకి కారణం కాగల ముఖ్యమైన క్రిములన్నిటికీ కలిపి ఒకేసారి మందు ఇచ్చేస్తారు, దాన్ని సిండ్రోమిక్ పద్ధతి అంటారు. దూరం నుంచి కూలి మానుకొని వచ్చిన మనిషి రిపోర్టు కోసం మళ్లీ వస్తాడని నమ్మకం లేదు కదా, అందుకు. మందులు రంగుల డబ్బాల్లో వస్తాయి. మగవాళ్లకి మూత్రమార్గం నుంచి చీము కారితే గ్రే కిట్, అందులో అజిత్రోమైసిన్ ఒక గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. ఆడవాళ్లకి యోని స్రావం సమస్యకి ఆకుపచ్చ, పుండ్లకి తెలుపు, పెన్సిలిన్ పడనివాళ్లకి నీలం, హెర్పిస్‌కి ఎరుపు, పొత్తికడుపు నొప్పికి పసుపు, గజ్జల్లో బిళ్ల కడితే నలుపు. ఇవి ఉచితం. దయచేసి ఈ పేర్లు చూసి మెడికల్ షాపులో కొనుక్కోకండి, సొంతంగా యాంటీబయాటిక్స్ మింగడం వల్ల కూడా గనేరియాకి ఒకప్పుడు బాగా పనిచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఇప్పుడు పనికిరాకుండా పోయాయి. పైగా భాగస్వామికి కూడా వైద్యం జరగకపోతే వారం తిరిగేసరికి మళ్లీ అంటుకుంటుంది. కౌన్సెలర్ ఇద్దరికీ మందు ఇచ్చే ఏర్పాటు చేస్తారు, భార్యకో గర్ల్‌ఫ్రెండ్‌కో ఎలా చెప్పాలో కూడా నేర్పిస్తారు. మెడికల్ షాపులో అది దొరకదు.

నీలం, పసుపు, నలుపు కిట్లలో ఉండే డాక్సీసైక్లిన్ గురించి ఒక మాట. అది టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ని అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో బెంజమిన్ డగ్గర్ కనిపెట్టినప్పుడు అక్కడ పరిశోధన విభాగానికి డైరెక్టర్‌గా ఉన్నది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, భీమవరంలో పుట్టిన మనిషి. క్లమీడియా అనే బ్యాక్టీరియా సుఖవ్యాధికి ఇప్పుడు చాలాచోట్ల ముందు రాసేది డాక్సీసైక్లినే. ఈ విషయం రిపోర్టులో పెడితే మా మేడమ్ ఎర్ర ఇంకుతో పక్కన "బాగుంది" అని రాశారు.

అమ్మాయిల కోసం ఇది కొంచెం వివరంగా రాయాలి. తెల్లబట్ట అవుతుందంటే చాలు మనలో చాలామంది ఏదో తప్పు జరిగినట్టు, ఎవరైనా ఏమన్నా అనుకుంటారేమో అని భయపడతాం. పెళ్లికాని పిల్ల అలాంటి గదికి వెళ్తే ఊరంతా ఏమంటుందో అనే భయం వేరే. కౌన్సెలర్ మేడమ్ చెప్పింది ఏంటంటే, నెలలో కొన్ని రోజులు నీళ్లలానో గుడ్డు తెల్లసొనలానో స్రావం రావడం మామూలే. దురద పెట్టి పెరుగు విరిగినట్టు తెల్లగా వస్తే అది ఎక్కువగా క్యాండిడా అనే ఫంగస్. చేప వాసనతో బూడిదరంగులో వస్తే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు, అది యోనిలో సహజంగా ఉండే బ్యాక్టీరియా సమతూకం తప్పడం వల్ల వచ్చేది. క్యాండిడా అయితే ఎవరితోనూ కలవకపోయినా రావచ్చు, యాంటీబయాటిక్స్ వాడాక, షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువ. అందుకే ఈ క్లినిక్ రికార్డుల్లో సుఖవ్యాధులతో పాటు పునరుత్పత్తి మార్గ ఇన్‌ఫెక్షన్లు అని కూడా ఉంటుంది. పెళ్లయిందా అని అడుగుతారు, నిజమే, కానీ అడిగే తీరులో నిలదీయడం లేదు, ఏ పరీక్ష చేయొచ్చో తెలుసుకోవడానికి అడుగుతారు. అక్కడికి వచ్చిన ప్రతి అమ్మాయికీ ఇలాంటి కౌన్సెలరే దొరకాలని మనసారా కోరుకుంటున్నాను, ఎందుకంటే వేరేచోట్ల మా ఫ్రెండ్స్‌కి ఎదురైన మాటలు నాకు తెలుసు.

పరీక్షల సంగతి. సిఫిలిస్‌కి వీడీఆర్ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే రక్త పరీక్ష, హెచ్ఐవీకి పక్కనే ఉన్న ఐసీటీసీలో (కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రం) పరీక్ష, రెండూ ఉచితం. వీడీఆర్ఎల్ పాజిటివ్ అనగానే సిఫిలిస్ అని ఖాయం కాదు. గర్భం, మలేరియా, లూపస్ లాంటి వాటిలోనూ తప్పుగా పాజిటివ్ రావొచ్చు, అందుకే టీపీహెచ్ఏ లాంటి ఇంకో పరీక్షతో నిర్ధారించుకోవాలి. సిఫిలిస్ మోసకారి జబ్బు. మొదట వచ్చే పుండు నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో దానంతటదే మానిపోతుంది, మనిషి హమ్మయ్య అనుకుంటాడు, తర్వాత అరచేతుల్లో అరికాళ్లలో మచ్చలు, అవీ పోతాయి, వైద్యం చేయకపోతే ఏళ్లు గడిచాక గుండెకీ మెదడుకీ రావొచ్చు. గర్భిణికి ఉంటే బిడ్డకి చేరుతుంది. ఇంతా చేసి పెన్సిలిన్‌కి ఇప్పటికీ లొంగే జబ్బు, మొదటి దశల్లో అయితే ఒక్క విడత ఇంజెక్షన్లతో పోతుంది. పోయేదానికి సిగ్గుపడి మెదడుదాకా తెచ్చుకోవడం ఎందుకు?

హెచ్ఐవీ పరీక్ష చేసే ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు, మన ఒప్పుకోలు తీసుకుంటారు. 2017లో వచ్చి 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మన అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు, దాని పేరు చెప్పి చదువులోనో ఉద్యోగంలోనో వివక్ష చూపకూడదు. 18 నిండితే అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు. ఇంకా, నిన్న ఏదో జరిగిందని ఇవాళ పరీక్ష చేయించుకుంటే ఉపయోగం లేదు. రక్తంలో కనిపించడానికి టైమ్ పడుతుంది, వేలి చుక్కతో చేసే యాంటీబాడీ పరీక్షకైతే మూడు నెలలదాకా పట్టొచ్చు. అదే నిన్న ప్రమాదం జరిగిందనే అనుమానం గట్టిగా ఉంటే పరీక్ష కంటే ముందు పెప్ మందుల గురించి, అంటే హెచ్ఐవీ సోకకుండా ఆపడానికి ఇచ్చే మందుల గురించి అడగాలి, 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. ఈ 72 గంటల సంగతి మేం సర్వే చేసినప్పుడు తెలిసినవాళ్లు దాదాపు లేరు, హాస్టళ్లలో నోటీస్ బోర్డు మీద పెట్టాల్సిన విషయం ఇది.

ఇప్పుడు అసలు పెద్ద లోపం. లక్షణాలను బట్టి మందు ఇచ్చే పద్ధతి లక్షణాలు లేని మనిషిని పట్టుకోలేదు. క్లమీడియా ఎక్కువమంది ఆడవాళ్లలో ఏ లక్షణమూ చూపించదు, కానీ లోపల గర్భనాళాలను పాడుచేసి తర్వాత పిల్లలు పుట్టకుండా చేయగలదు. దాన్ని పట్టుకోవడానికి మంచి పరీక్ష న్యాట్, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష, మూత్రంతోనో స్వాబ్‌తోనో చేస్తారు. మేం వెళ్లిన క్లినిక్‌లో అది లేదు. 2020లో క్లమీడియా, గనేరియా, సిఫిలిస్, ట్రైకోమోనియాసిస్, ఈ నాలుగే ప్రపంచం మొత్తం మీద 37 కోట్ల 40 లక్షల కొత్త ఇన్‌ఫెక్షన్లు తెచ్చాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ నాలుగూ నయమయ్యేవే. అంటే దొరికితే చాలు తగ్గిపోతాయి, కానీ దొరకడానికే మన దగ్గర ఏర్పాటు తక్కువ. కౌన్సెలర్‌ని అడిగితే ఆవిడ కూడా దాచలేదు, "ఉంటే బాగుండేదమ్మా" అన్నారు.

టైమింగ్స్ కూడా ఇబ్బందే. ఓపీ పొద్దున పూట. కాలేజీ టైమూ అదే. క్లాసు ఎగ్గొట్టి వెళ్లాలి, ఇంట్లో కారణం చెప్పాలి. కౌన్సెలర్ ఒక్కరే, ట్రైనింగ్‌కో మీటింగ్‌కో వెళ్తే ఆ రోజు గదికి తాళం. మగపిల్లలు ఆడ కౌన్సెలర్‌తో చెప్పుకోవడానికి జంకుతారు, మగ డాక్టర్ ఉన్నప్పుడు రమ్మని పంపిస్తారు కానీ వాళ్లలో ఎంతమంది మళ్లీ వస్తారు? తలుపుకి గడియ సరిగా పడదు, మధ్యలో ఎవరో తోసుకొచ్చి "మేడమ్, సంతకం" అంటారు. ఈ గడియ బాగుచేయించడానికి ఎంత ఖర్చవుతుంది చెప్పండి.

డబ్బు పెట్టుకోగలిగిన వాళ్లు ప్రైవేట్ ల్యాబ్ ప్యాకేజీ తీసుకుంటే పోలా అంటారు. మా హాస్టల్‌లో ఒకరు ఆ పనే చేశారు, ల్యాబ్ పేరు రాయను. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు, మూడు వేలకి పైనే అయింది, రిపోర్టు ఫోన్‌కి వచ్చింది, అంతవరకూ సుఖంగానే ఉంది. అందులో హెర్పిస్ ఐజీజీ (ఎప్పుడో సోకిందని సూచించే యాంటీబాడీ) పాజిటివ్ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. వివరించే మనిషి లేరు, ఫోన్ చేస్తే మీ డాక్టర్‌ని కలవండి అన్నారు. ఆ అమ్మాయి రెండు రాత్రులు నిద్రపోలేదు, ఏడుస్తూ కూర్చుంది. నిజానికి హెర్పిస్ వైరస్ ఒకటో రకం 50 ఏళ్లలోపు జనంలో దాదాపు మూడింట రెండు వంతుల మందిలో ఉంటుంది, చిన్నప్పుడు ముద్దులతో, ఎంగిలితో అంటుకొని పెదవి మీద జ్వరపు పొక్కుల్లా వచ్చేది అదే. రిపోర్టులో ఏ రకమో విడిగా రాయలేదు. అదే ప్యాకేజీలో ఐజీఎమ్ అనే ఇంకో యాంటీబాడీ పరీక్ష కూడా ఉంది, కొత్తగా సోకిందా పాతదా అని అది నమ్మకంగా చెప్పలేదు, దాన్ని వాడొద్దని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఇంకా విచిత్రం, క్లమీడియాకి కూడా రక్తంలో యాంటీబాడీ పరీక్షే పెట్టారు, అది ఇప్పుడు ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో తేల్చదు. మూడు వేలు తీసుకొని అవసరమైన న్యాట్ పెట్టకుండా అవసరం లేనివి పెట్టారు. మేం ఆ అమ్మాయిని కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి తీసుకెళ్తే పావుగంటలో మనిషి తేరుకుంది. నేను ల్యాబులకి వ్యతిరేకం కాదు, ముందు డాక్టర్‌తోనో కౌన్సెలర్‌తోనో మాట్లాడి, ఏ పరీక్ష కావాలో రాయించుకొని అప్పుడు ల్యాబుకి వెళ్లండి, ప్యాకేజీ పేరు చూసి కాదు.

ఆసుపత్రికి వెళ్లే ధైర్యం అసలే లేకపోతే 1097కి ఫోన్ చేయండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) నడిపే టోల్ ఫ్రీ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ ఉంటుంది. మేం ప్రాజెక్టు ప్రశ్నల కోసం చేశాం, తెలుగులోనే మాట్లాడారు, ఊరూ పేరూ చెప్పమని పట్టుబట్టలేదు. లైన్ కలవడానికి కాసేపు పట్టింది, జవాబులు కొన్ని చదివి చెప్పినట్టు ఉన్నాయి, హెచ్ఐవీ గురించి చెప్పినంత వివరంగా మిగతా వాటి గురించి చెప్పలేదు. అయినా మీకు దగ్గర్లో ఏ ఆసుపత్రిలో క్లినిక్ ఉందో చెప్తారు, బీరువా వెనక బోర్డు వెతుక్కునే కష్టం తప్పుతుంది.

హెచ్‌పీవీ టీకా మాత్రం ఈ క్లినిక్‌లో వేయరు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి ముఖ్య కారణం ఈ హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) అనే వైరసే. సీరమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సర్వావ్యాక్ 2023లో వచ్చింది, 9 నుంచి 14 ఏళ్ల వాళ్లకి రెండు డోసులు, 15 నుంచి 26 వరకు మూడు, మగపిల్లలకి కూడా వేయొచ్చు. బయట వేయించుకుంటే డోసు రెండు వేల చుట్టూ అవుతోంది, కాలేజీ పిల్లలకి అది భారమే. కానీ కౌన్సెలర్ చెప్పబట్టే మా ఇద్దరికీ ఈ వయసులో కూడా వేయించుకోవచ్చని తెలిసింది.

ప్రాజెక్టుకి ఈ టాపిక్ తీసుకుంటే నవ్వుతారేమో అనుకునేవాళ్లకి సెల్లప్పన్ నిర్మల గారి గురించి చెప్తాను. 1985 చివర్లో చెన్నైలో మైక్రోబయాలజీ పీజీ విద్యార్థిని. మన దేశంలో ఎయిడ్స్ లేదని అందరూ అనుకుంటున్న రోజుల్లో ప్రొఫెసర్ సునీతి సోలమన్ ఆమెకి ఇదే టాపిక్ ఇచ్చారు. సెక్స్ వర్కర్ల దగ్గర రక్తం సేకరించి, సీరమ్ ఇంట్లో ఫ్రిజ్‌లో దాచి, పరీక్ష చేసే సదుపాయం చెన్నైలో లేక వేలూరు తీసుకెళ్లారు. 1986లో దేశంలో మొదటి హెచ్ఐవీ కేసులు బయటపడింది ఆ విద్యార్థిని పీజీ పరిశోధన వ్యాసం (డిజర్టేషన్) వల్లే. మా సర్వే అంతటిదేమీ కాదు. కానీ ఈ జబ్బుల గురించి అడగడం స్టూడెంట్ల పని కాదని ఎవరైనా అంటే ఇకమీదట నేను ఒప్పుకోను.

వెళ్లే స్టూడెంట్లకి కొన్ని జాగ్రత్తలు. సూపరింటెండెంట్ పేరు మీద ప్రిన్సిపాల్ లెటర్, స్టాంపుతో, రెండు కాపీలు. మధ్యాహ్నం ఓపీ పలచబడ్డాక వెళ్లండి, పేషెంట్ల టైమ్ తినకండి. ప్రశ్నపత్రంలో పేర్లు, ఫోన్ నంబర్లు రాయమనకండి, మేం పేరు గడి తీసేశాక జవాబులు రెట్టింపు నిజాయితీగా వచ్చాయి. కాలేజీలో రెడ్ రిబ్బన్ క్లబ్ (హెచ్ఐవీ అవగాహన కోసం పెట్టే విద్యార్థుల క్లబ్) ఉంటే దాని ఇన్‌చార్జి లెక్చరర్‌ని పట్టుకోండి, ఆసుపత్రి వాళ్లతో వాళ్లకి పరిచయం ఉంటుంది, మా దగ్గర పోస్టర్లు, ఫ్లిప్‌బుక్ వాళ్ల ద్వారానే వచ్చాయి.

స్టార్లు ఇవ్వాలంటే ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది న్యాట్ లేనందుకు, ఆ కౌంటర్‌లో గట్టిగా అడిగే ప్రశ్నకీ, తలుపు గడియకీ. పోయిన వారం రిపోర్టు కాపీ ఇవ్వడానికి వెళ్తే బోర్డు ముందు బీరువా ఇంకా అక్కడే ఉంది, జరపమని కౌన్సెలర్ మేడమ్‌తో కలిసి సూపరింటెండెంట్ ఆఫీసులో లెటర్ ఇచ్చి వచ్చాం.